అనంతపురం నుంచి జర్మనీకి వచ్చినాం, ఇల్లు ఇంకా ఇల్లు కాలేదు

పెన్నగట్టు | స్టుట్‌గార్ట్ దగ్గర, సొంతూరు అనంతపురం

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతానే ఉన్నా, నేను రాయడం ఇదే మొదలు.

పోయిన ఆగస్టు చివర్లో వచ్చినాం. మా ఆయన పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో చేస్తా ఉండె, ఆ అనుభవం మీదనే ఇక్కడ ఉద్యోగం వచ్చింది. రెండు నెలలు కంపెనీ వాళ్లు చూపించిన గదుల్లో ఉండి, అక్టోబర్ చివర్లో ఈ బాడిగింట్లోకి మారినాం. పాపకు ఆరేళ్లు, ఒకటో తరగతి. బాబుకు నాలుగు, నవంబర్లో కిండర్‌గార్టెన్‌లో చోటు దొరికింది.

ఇల్లు చేతికిచ్చిన రోజు వంటింట్లో ఏమీ లేదు. గోడలోనుంచి నీళ్ల పైపు, పొయ్యికని వదిలిన కరెంటు తీగలు, అంతే. గది గదికీ పైకప్పు నుంచి బల్బు లేని వైరు వేలాడతా ఉండె. ఇక్కడ అది మామూలేనంట, వంటగది లేకుండానే శానా ఇళ్లు బాడిగకిస్తారంట. పాత వంటగది ఒకటి కొని బిగించుకునేదానికి మూడు వారాలు పట్టింది. అన్ని రోజులూ ఒకటే రైస్ కుక్కర్. దాంట్లోనే అన్నం, అది తీసినాక దాంట్లోనే చారు. గృహప్రవేశానికి పాలు పొంగించింది కూడా దాంట్లోనే.

సరే, ఆ పని అయితే అయింది. ఇప్పుడు పడకగదిలో బీరువా వెనక గోడ నల్లగా మచ్చలు కట్టింది. కింది ఇంటాయన మా తలుపుకు చీటీ అతికించి పోయినాడు, ఆదివారం పొద్దున ఏడుకు మిక్సీ వేసినామని. మా ఆయన పేరు మీద ఉత్తరాలు రోజూ వస్తాయి. నాకు రావాల్సిన ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు, జర్మన్ క్లాసు ఉత్తరం ఏదీ ఇంతవరకు రాలేదు.

వీటన్నిటినీ ఎట్లో ఒకట్ల తట్టుకుంటా. నన్ను నిద్రపోనీకుండా చేస్తాండేది బాబు. అనంతపురంలో వాని నోరు మూతపడేది కాదు, ఎదురింటి అవ్వ వానికి ‘రేడియో’ అని పేరు పెట్టింది. ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో రెండు నెలలుగా ఒక్క మాట లేదంట. జర్మన్ లేదు, తెలుగు లేదు. టీచరమ్మ “ఆడుకుంటాడు, నవ్వుతాడు, పిలిస్తే చూస్తాడు, మాట మాత్రం రాదు” అంటాంది. ఇంటికొచ్చి బూట్లు విప్పంగానే మళ్లీ రేడియో మొదలు.

మా అత్తమ్మ రోజూ ఫోన్లో అడుగుతుంది, “ఇల్లు సర్దుకుందా అమ్మా?” అని. సామాన్లన్నీ ఎప్పుడో సర్దినా. సర్దుకుందని మాత్రం చెప్పలేకపోతాండా. పిల్లలతో వచ్చినోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి, ఇది ఎన్నాళ్లకు కుదురుకుంటుంది?


హంద్రీ_ఒడ్డు | ఫ్రాంక్‌ఫర్ట్, సొంతూరు కర్నూలు

చెల్లెమ్మా, గోడ సంగతి నేను చెప్తా. ఇళ్లలో హీటింగ్, గాలి ఏర్పాట్లు చూసుకోవడమే నా ఉద్యోగం.

మన ఊర్లో ఎండాకాలం పగలంతా కిటికీలు మూసి, చీకటి పడినాక తెరుస్తాం. వేడి లోపలికి రాకూడదు, అదొక్కటే మన లెక్క. ఇక్కడ చలికాలంలో చూసుకోవాల్సింది తేమ. నలుగురున్న ఇంట్లో ఊపిరి, స్నానాలు, వంట, ఆరేసిన బట్టలు అన్నీ కలిసి రోజుకు పది లీటర్ల దాకా నీళ్లు గాలిలో కలుస్తాయి. మన వంటకైతే అన్నం ఉడకాల, పప్పు ఉడకాల, చారు మరగాల. ఆ ఆవిరంతా వెచ్చటి గాలిలో తిరుగుతా ఉంటుంది. బయటివైపు గోడ చల్లగా ఉంటుంది. దానికి బీరువా ఆనించి పెడితే గదిలో వేడి ఆ సందులోకి పోదు, గోడ ఇంకా చల్లబడుతుంది. చల్లనీళ్ల చెంబు మీద చెమట పట్టినట్టే గోడ మీద తేమ దిగుతుంది. ఆ తేమ మీద బూజు లేస్తుంది. మీరు ఇల్లు శుభ్రంగా పెట్టుకోకపోవడం వల్ల వచ్చింది కాదు, ఆ దిగులు పెట్టుకోవద్దు.

బీరువాను లోపలి గోడకు మార్చండి. చోటు లేకుంటే బయటి గోడ నుంచి ఒక జానెడు ముందుకు జరపండి. రోజుకు మూడు నాలుగు సార్లు హీటర్ తగ్గించి, కిటికీలు పూర్తిగా బార్లా తెరిచి, ఐదు నుంచి పది నిమిషాలు ఎదురెదురు గాలి పోనిచ్చి మూసేయండి. పొద్దున లేచినాక ఒకసారి, వంటయినాక ఒకసారి తప్పకుండా. కొందరు కిటికీని పైన కొంచెం వంచి పగలంతా అట్లే వదిలేస్తారు. దానివల్ల కిటికీ చుట్టూ గోడ చల్లబడుతుంది, తేమ మాత్రం సరిగ్గా పోదు, హీటింగ్ బిల్లు పెరుగుతుంది. వండేటప్పుడు వంటింటి తలుపు మూసి ఉంచండి. పడకగదిలో బట్టలు ఆరేయొద్దు, సెల్లార్‌లో ఆరబెట్టుకునే గది ఉందేమో చూడండి. తేమ కొలిచే చిన్న మీటరు చవకగా దొరుకుతుంది, 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది.

ఇప్పుడున్న మచ్చలు చిన్నవైతే గ్లవ్స్ వేసుకొని, 70 శాతానికి తగ్గని ఆల్కహాల్‌తో తడిపి తుడవండి. పొడిగుడ్డతో దులిపితే గదంతా పాకుతుంది. అర చదరపు మీటరు మించి ఉంటే మీరు ముట్టుకోవద్దు. రెండిట్లో ఏదైనా సరే, ఈరోజే ఫోటోలు తీసి ఇంటి ఓనరుకు రాతపూర్వకంగా పంపండి. బాడిగకున్నోళ్లు లోపం కనపడిన వెంటనే చెప్పాలని ఇక్కడ చట్టం. ఆలస్యం చేస్తే తప్పు మన మీదికి వస్తుంది.


గుత్తికోట | డాలస్, సొంతూరు గుత్తి

అమ్మా, నా సలహా కొంచెం కఠినంగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. చలికాలం, కొత్త భాష, ఇద్దరు చిన్నపిల్లలు. పిల్లల్ని తీసుకొని ఒక ఆరు నెలలు అనంతపురం పోండి. మీ ఆయన ఒక్కడే నిదానంగా ఇల్లు కుదుర్చుకుంటాడు, తర్వాత మీరు రావచ్చు. అది కుదరకపోతే ఇంట్లో తెలుగు ఆపి జర్మన్ మొదలుపెట్టండి. బాబు నోరు తెరవాలంటే అదే దారి.


జాండ్రపేట_కోడలు | కువైట్, సొంతూరు కడప

గుత్తి అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పినారు, అయినా ఆ మొదటి మాట నేను ఒప్పుకోను.

మా కడప, రాయచోటి, రాజంపేట పక్కల ఇంటికొకరు కువైట్‌లో ఉన్నారంటే పెద్ద మాట కాదు. సగం ఇళ్లలో అమ్మో నాయనో ఇక్కడ, పిల్లలు అవ్వ దగ్గర. నేను ఆసుపత్రిలో నర్సుగా వచ్చి ఆరేళ్లు ఒక్కదాన్నే ఉన్నా. తర్వాత మా ఆయన, పిల్లలు వచ్చినారు. అప్పటికి నా గది నాకు అలవాటైపోయింది. చెంబు ఎక్కడ పెడతానో, ఎప్పుడు తింటానో, ఎప్పుడు పడుకుంటానో అన్నీ ఒక మనిషి లెక్కకు కుదిరినాయి. పిల్లలు వచ్చి గ్లాసు ఇంకోచోట పెడితే నాకు కోపం వచ్చేది. నా బిడ్డ ఒకరోజు “అమ్మా, ఇది నీ ఇల్లా, మన ఇల్లా?” అని అడిగింది. ఆ మాట తగిలినట్టు నాకు ఇంకేదీ తగల్లేదు. ముందు ఒకరు కుదురుకొని తర్వాత మిగిలినోళ్లు రావడమంటే, వాళ్లు చుట్టాల్లాగా వస్తారు. మళ్లీ మొదటినుంచి అందరూ కుదురుకోవాల్సిందే.

పెన్నగట్టు చెల్లీ, ఇల్లు వస్తువులతో కుదరలేదు మాకు, వేళలతో కుదిరింది. ఇక్కడ సెలవులు శుక్రవారం, శనివారం. ఆదివారం పొద్దున బడి, డ్యూటీ. మొదట్లో ఆదివారం వస్తే పిల్లలు ఏడ్చేవాళ్లు. అందుకని శుక్రవారం పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ అని పెట్టుకున్నాం. ఎండ యాభై డిగ్రీలున్నా, ఇసుక గాలి లేచినా, నాకు నైట్ డ్యూటీ అయి కళ్లు మూతలు పడతా ఉన్నా ఉగ్గాని మాత్రం తప్పలేదు. ఇప్పుడు పిల్లలు శుక్రవారం కోసం ఎదురుచూస్తారు. మీ ఇంట్లో కూడా అట్లాంటిది ఒకటి పెట్టుకోండి, ఒకటి చాలు.


పలకాబలపం | ఆదోని

గుత్తికోట గారి రెండో మాటకు నేను జవాబు చెప్పాలి. నేను సర్కారు బడి టీచర్ని, పద్దెనిమిదేళ్ల సర్వీసు.

మా ఆదోనిలో ఒక తరగతిలో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు, తాండా నుంచి వచ్చే సుగాలి పిల్లలు, తెలుగు పిల్లలు అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. తెలుగు రాని పిల్లవాడు మొదటి నెలల్లో గమ్మున ఉంటాడు. కొందరికి రెండు నెలలు, కొందరికి అరేడాది. కొత్తలో నేను భయపడేదాన్ని, చెవులు వినపడవేమో అని చప్పట్లు కొట్టి చూసేదాన్ని. తర్వాత అర్థమైంది. ఆ పిల్లవాడు ఊరికే లేడు, అన్నీ వింటా ఉన్నాడు. ‘పుస్తకం తీయండి’ అంటే పక్కవాడిని చూసి తీస్తాడు. ఒక నెలకు పక్కవాడిని చూడకుండానే తీస్తాడు. ఆ తర్వాత ఎప్పుడో ఒకరోజు ఎవడో వాని బలపం లాక్కుంటాడు, అప్పుడు అరుస్తాడు చూడండి, అచ్చ తెలుగులో!

రెండో భాషలోకి అడుగుపెట్టే పిల్లలు ఇట్లా కొన్నాళ్లు మౌనంగా ఉండటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. దానికి మందు ఇంట్లో భాష మానేయడం కాదు. ఇల్లొక్కటే వాడు పూర్తిగా మాట్లాడగలిగే చోటు. అక్కడా వాని మాట తీసేస్తే ఇంకేం మిగులుతుంది? కథలు చెప్పండి, పొడుపుకథలు వేయండి, కూరగాయలు తరిగేటప్పుడు వాటి పేర్లు చెప్పించండి. ఒక భాషలో గట్టిగా ఉన్న పిల్లలు రెండోదాన్ని తొందరగా పట్టుకుంటారు. నా చాప మీద కూర్చున్న పిల్లల్లో అదే చూశాను.

మా పక్క పల్లెల నుంచి మిరపకాయల కోతకని గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాలు శానా. పిల్లలు వాళ్లతోనే పోతారు, మూడు నెలలకో నాలుగు నెలలకో తిరిగొస్తారు. వచ్చినాక వాళ్లను అందరి ముందు నిలబెట్టి “ఏదీ, ఇది చదువు” అని నేను ఎప్పుడూ అడగను. ముందు కూర్చోనిస్తాను. మీ బాబును కూడా “ఈరోజు మాట్లాడినావా?” అని అడగొద్దు తల్లీ. “ఈరోజు ఏం ఆడినావు?” అని అడగండి.


గండికోట_గాలి | బెర్లిన్, సొంతూరు జమ్మలమడుగు

ఉత్తరాల సంగతి ఎవరూ పట్టించుకోలేదే! అక్కా, కిందికి దిగి మీ తపాలా పెట్టె మీద ఏం పేరుందో చూసి రండి.

జర్మనీలో చిరునామాకు ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి, ఇంటి నంబరు, ఊరు, అంతే. ఒక బిల్డింగ్‌లో పన్నెండు ఇళ్లుంటే తపాలా మనిషి పెట్టె మీది పేరు చూసి వేస్తాడు. పేరు కనపడకపోతే ‘ఈ మనిషి ఇక్కడ లేడు’ అని వెనక్కి పంపేస్తాడు. ఇక్కడోళ్లకు ఒక కుటుంబానికి ఒక పేరు రాస్తే సరిపోతుంది. మనలో శానామంది ఆడోళ్లకు పెళ్లయినా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. మీ ఆయన ఇంటిపేరు ఒక్కటే రాసుంటే మీరు ఆ ఇంట్లో లేనట్టే లెక్క. నాకు ఇట్లే అయింది, బ్యాంకు పిన్ మూడుసార్లు వెనక్కి పోయింది.

గంట బటన్ పక్కన, పెట్టె మీద రెండు ఇంటిపేర్లూ వేయించండి. ఓనరుకో బిల్డింగ్ చూసుకునే ఆయనకో చెప్తే చీటీ వేస్తారు. ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి కార్డు మళ్లీ పంపమనండి. సర్కారు ఇన్సూరెన్స్ అయితే సంపాదన లేని భార్య, పిల్లలు అదనపు చందా లేకుండా మీ ఆయనతోపాటే వస్తారు. పిల్లల భత్యం, అదే కిండర్‌గెల్ట్, పెట్టుకున్నారా? 2025లో పిల్లకు నెలకు 255 యూరోలు, 2026 జనవరి నుంచి 259. దరఖాస్తు ఆలస్యమైతే వెనకటి ఆరు నెలలకు మించి ఇవ్వరు, కాబట్టి ఈ వారమే పెట్టండి. రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు, ఇంటికి ఒకటే. మీ ఇద్దరి పేర్లతో రెండు ఉత్తరాలు వస్తే మీ ఆయన కడుతున్న నంబరు రాసి జవాబివ్వండి, రెండుసార్లు కట్టొద్దు.

బాబు గురించి ఒక మాట అడగాలి. కిండర్‌గార్టెన్‌లో చేర్చినప్పుడు అలవాటు చేసే రోజులు సరిగ్గా జరిగినాయా? ఇక్కడ బెర్లిన్ పద్ధతి అని ఒకటుంది. మొదటి మూడు రోజులు అమ్మో నాయనో గంటసేపు పిల్లతోపాటు అక్కడే కూర్చొని, పిల్లతోపాటే ఇంటికి రావాలి. నాలుగో రోజున మొదటిసారి కాసేపు బయటికి పోయి చూస్తారు. పిల్ల తట్టుకుంటే నిదానంగా పెంచుతారు.


పెన్నగట్టు

ఇప్పుడే కిందికి పోయి చూసొచ్చినా. పెట్టె మీద మా ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉంది. గంట దగ్గర కూడా అంతే. రెండు మూడు నెలలుగా ఆ పెట్టె నేనే రోజూ తెరుస్తా ఉన్నా, నా పేరు లేదని నాకే తోచలేదు. మెట్ల మీద కూర్చొని కాసేపు ఏడ్చినా. ఎందుకో చెప్పలేను, ఉత్తరాల కోసం మాత్రం కాదు.

గండికోట చెల్లీ, మీరడిగింది నిజమే. బాబు చేరిన రెండో రోజే వీసా కాగితాల పని పడింది, ఇద్దరం పోవాల్సి వచ్చింది. టీచరమ్మ పర్లేదనింది, వాడు కూడా ఏడవలేదు. ఏడవలేదు కదా అని మూడో రోజు నుంచి వదిలేసి వచ్చినాం. వాడు ఏడవకపోవడం మంచిదనుకున్నా.

పలకాబలపం మేడం, మీరు రాసింది మా ఆయనకు రెండుసార్లు చదివి వినిపించినా.


గడియారస్తంభం | అనంతపురం

అమ్మాయీ, నాకు డెబ్బై ఒకటి. మా వాడు మ్యూనిక్‌లో ఉంటాడు, మనవరాలికి ఏడేళ్లు. మీ అత్తగారి వైపు నుంచి ఒక మాట చెప్పుకోనివ్వండి.

మేము ‘ఇల్లు సర్దుకుందా’ అని అడుగుతామే, అది లెక్క అడగడం కాదు. మాకు ఆ ఇల్లు కనపడదు. ఏ మూల ఏముందో, పొద్దున ఎండ ఎటునుంచి పడుతుందో తెలియదు. ఏం అడగాలో తెలియక అదే అడుగుతాం. మొదట్లో మా కోడలు ఫోన్ చేసి మనవరాలిని ముందు కూర్చోబెట్టి “తాతకు పద్యం చెప్పు, తాతకు నమస్తే చెప్పు” అనేది. పాప రెండు నిమిషాల్లో పారిపోయేది. తర్వాత మా కోడలే ఒక ఉపాయం చేసింది. వంట చేసేటప్పుడు ఫోన్ గట్టుమీద ఆనించి పెట్టి తన పని తాను చేసుకునేది. మేమూ ఇక్కడ మా పని. నేను పేపర్ చదువుకుంటా, ఆమె తాలింపు వేస్తుంది, పాప అటూ ఇటూ పోతా ఒకసారి తొంగి చూస్తుంది. చలికాలం మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా, మార్చి చివరి ఆదివారం గడియారం మారినాక మూడున్నర. వాళ్లు సాయంత్రం నాలుగుకు చీకటి పడుతోందంటే మాకు రాత్రి ఎనిమిదిన్నర, భోజనాల వేళ. అట్లా నెల రోజులు చేసినాక ఆ వంటిల్లు నాకు కంఠతా వచ్చింది. ఆ తర్వాత సర్దుకుందా అని నేను అడగలేదు.

రెండేళ్ల కిందట మేమిద్దరం పోయి ఎనభై రోజులు ఉండి వచ్చాం. చుట్టపుచూపు వీసాకు 180 రోజుల్లో 90 రోజులు మించకూడదు, ముప్పై వేల యూరోలకు తగ్గని ప్రయాణ బీమా ఉండాలి. మే, జూన్ నెలల్లో పోండి. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, పెద్దవాళ్లకు దిగులు పుట్టదు. మనవరాలిని బడికి నేనే నడిపించేవాడిని. మూడో వారానికి దారిలో కుక్కను తిప్పే ముసలాయన నాకు నమస్కారం చేయడం మొదలుపెట్టాడు, “గ్రూస్ గాట్” అని. నేనూ అదే తిరిగి చెప్పేవాడిని. ఆ ఊర్లో నాకు వచ్చిన భాష అంతే, దానితోనే మాకు స్నేహం కుదిరింది.


తుంగభద్ర_తీరం | కర్నూలు

మేము జూన్‌లో జర్మనీకి వస్తున్నాం, పెన్నగట్టు వాళ్ల పక్క ఊరికే. ఈ చర్చ మొత్తం దాచుకున్నా. ఏం తెచ్చుకోవాలి, ఏం వద్దు? మిక్సీ, కుక్కర్, పెనం, నెయ్యి?


హంద్రీ_ఒడ్డు

కరెంటు 230 వోల్టులే, 50 హెర్ట్జే, మన మిక్సీ తిరుగుతుంది. ప్లగ్ మాత్రం పట్టదు, అడాప్టర్ కావాలి. ఇండక్షన్ పొయ్యి అయితే అల్యూమినియం కుక్కర్ పనికిరాదు, అయస్కాంతం అంటుకునే స్టీల్ అడుగున్నది తీసుకోండి. ఇనప పెనం అడుగు సమంగా ఉంటే బాగా పనిచేస్తుంది. నెయ్యి, పాలకోవా, మాంసం ఊరగాయ వద్దు, పాలతో మాంసంతో చేసినవి ఐరోపాలోకి తేనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. కారంపొడులు, పప్పుల పొడి, మామిడి ఊరగాయ తెచ్చుకోవచ్చు. పిల్లల టీకా కార్డు మర్చిపోవద్దు. 2020 మార్చి నుంచి తట్టు టీకా రుజువు లేకుండా కిండర్‌గార్టెన్‌లో చేర్చుకోరు. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో పిల్ల పేరు ఖాళీగా ఉందేమో ఇప్పుడే చూసుకోండి, మన మునిసిపాలిటీల్లో శానామందికి అట్లే ఉంటుంది. ఆర్నెల్లు దాటితే ఇండియా డ్రైవింగ్ లైసెన్సు చెల్లదు, రాత పరీక్ష, బండి పరీక్ష రెండూ రాయాలి.


జాండ్రపేట_కోడలు

చీటీ పెట్టిన కింది ఇంటాయనను ఎవరూ తలుచుకోలేదు. పోయి మాట్లాడినావా చెల్లీ?


గండికోట_గాలి

అవును, అది కూడా. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారం రోజంతా ఇక్కడ నిశ్శబ్దం పాటించాలి. కొన్ని బిల్డింగుల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా కూడా ఉంటుంది, మీ ఇంటి నియమాల కాగితంలో చూడండి. పిండి శనివారమే రుబ్బి పెట్టుకోండి. మిక్సీ కింద మందపాటి తువ్వాలు మడిచి వేస్తే అదురు కిందికి దిగదు. ఆయన చీటీ రాసినాడంటే కోపంతోనే అని అనుకోవద్దు. ఇక్కడ ముఖాముఖి అడిగేదానికి మొహమాటపడి చీటీ రాస్తారు. ఏదన్నా తీసుకొని పోయి పలకరించండి. శనక్కాయ ఉండలైతే ముందు అడిగి ఇవ్వండి, శనక్కాయ పడనోళ్లు ఇక్కడ శానామంది ఉంటారు.


గుత్తికోట

నేను రాసిన సలహా మళ్లీ చదువుకున్నా. కువైట్ అక్క రాసింది చదివినాక రెండు రోజులు ఏమీ రాయబుద్ధి కాలేదు.

నిజం చెప్తా. మూడేళ్ల కిందట నేను అదే పని చేసినా. ఆర్నెల్లకని మా ఆమెను, పిల్లవాణ్ణి గుత్తికి పంపించినా. వాడు అక్కడ బడిలో చేరినాడు, మా అమ్మకు ఆరోగ్యం బాగలేకుండె, ఒకటి వెంట ఒకటి. ఇప్పటికీ వాళ్లు అక్కడ, నేనిక్కడ. ఇల్లు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది, ఎక్కడి వస్తువు అక్కడ ఉంటుంది. పెన్నగట్టు అమ్మా, నా మాట వినొద్దు. వేసవి సెలవులకు వాళ్లను తీసుకొచ్చేదానికి టికెట్లు చూస్తా ఉన్నా.


పెన్నగట్టు

మూడు వారాలైంది, చెప్పాల్సినవి ఉన్నాయి.

బీరువా జరిపినాం, ఓనరుకు ఫోటోలు పంపినాం. ఆయన మనిషిని పంపించి గోడ గీకించి మందు పూయించినాడు. తేమ మీటరు మొదటి రోజు 74 చూపించింది, ఇప్పుడు 55 దగ్గర ఉంటాంది. కిటికీలు తెరిచే పని పాప తీసుకుంది, ఐదు నిమిషాలు లెక్కబెట్టి మూస్తుంది.

కింది ఇంటాయనకు పుట్నాల ఉండలు తీసుకొని పోయినా. ఆయన భార్య రాత్రి షిఫ్టులో ముసలోళ్ల హోమ్‌లో చేస్తుందంట, ఆదివారం పొద్దున ఆరుకు వచ్చి పడుకుంటుందంట. మేము ఏడుకు మిక్సీ వేస్తే ఎట్లుంటుంది! నాకు శానా బాధనిపించింది. ఆమె ఉండలు తిని ఎట్లా చేసినావని అడిగింది, బెల్లం అనేదానికి జర్మన్ మాట రాక వంటింట్లోకి తీసుకుపోయి చూపించినా.

టీచరమ్మను అడిగి కిండర్‌గార్టెన్‌లో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినాం. వారం రోజులు పొద్దున అరగంట వాని పక్కన చిన్న కుర్చీలో కూర్చున్నా. నేనూ ఏం మాట్లాడలేదు, నాకూ భాష రాదు కదా. మూడో రోజు టీచరమ్మ వచ్చి ‘నీళ్లు’, ‘ఆకలి’, ‘ఒంటికి’ తెలుగులో ఎట్లా పలకాలో రాసుకొని గోడకు అంటించింది. ‘నీళ్లు’ ఆమె నోట్లో ‘నీలు’ అవుతుంది. అది విని వాడు నా ఒళ్లో తల పెట్టి నవ్వినాడు.

అత్తమ్మ ఫోన్ ఇప్పుడు పొయ్యి పక్కన ఉంటాంది. నిన్న సంగటి కెలుకుతుంటే “ఇంకొంచెం నీళ్లు పొయ్, గట్టిపడతాంది” అని అక్కడినుంచి చెప్పింది.


పలకాబలపం

చాలా సంతోషం తల్లీ. ఇంట్లో మాట బాగానే ఉంది కాబట్టి భయం లేదు. ఇంకో రెండు మూడు నెలలకూ అక్కడ పెదవి విప్పకపోతే మాత్రం పిల్లల డాక్టరుకు ఒక మాట చెప్పి ఉంచండి.


పెన్నగట్టు

మార్చి నడుస్తాంది. పెట్టె మీద రెండు ఇంటిపేర్లు, గంట దగ్గర రెండు. పోయిన వారం నా పేరు మీద మొదటి ఉత్తరం వచ్చింది, జర్మన్ క్లాసులో చోటు ఇచ్చినామని. మొత్తం 700 పాఠాలంట, 600 భాషకు, 100 ఈ దేశం గురించి. సోమవారం నుంచి పొద్దున పోతా.

బాబు సంగతి చెప్పాలనే ముఖ్యంగా వచ్చినా. మొన్న గురువారం వాణ్ణి తీసుకొచ్చేదానికి పోతే టీచరమ్మ గేటు దాకా ఎదురొచ్చింది, కళ్లల్లో నీళ్లు. ఇసుక తొట్టి దగ్గర వాడు ఇంకో పిల్లవాణ్ణి చూసి చెయ్యి ఊపి గట్టిగా అరిచినాడంట, “దా!” అని. జర్మన్‌లో ‘దా’ అంటే ‘అక్కడ’ అని. జర్మన్‌లో మొదటి మాట మాట్లాడినాడని ఆమె సంతోషం. నాకైతే మా అనంతపురం ‘దా’ వినిపించింది. వాణ్ణి ఏ భాషలో అన్నావని అడగలేదు.


గడియారస్తంభం

ఇంతకూ ఆ పిల్లవాడు వచ్చాడా అమ్మాయీ?


పెన్నగట్టు

వచ్చినాడు తాతా. నేను పోయేసరికి ఇద్దరూ మోకాళ్ల దాకా ఇసుకలో కూర్చొని బావి తవ్వుతా ఉండ్రి.